సొంత మైదానంలో మ్యాచ్ అన్నారు, ఊరు మార్చారు: డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పద్నాలుగేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మా ఊరి రగ్బీ జట్టుకు ఆరేళ్లుగా సీజన్ టికెట్ కొంటున్నాను. ఈసారి నాకు 360 పౌండ్లు, మా అబ్బాయికి 72 పౌండ్లు కట్టాను. మొత్తం తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు. అందులో అందరూ ఎదురుచూసేది పక్క ఊరి జట్టుతో ఆడే మ్యాచ్. దాన్ని రెండు గంటల దూరంలో ఉన్న మరో నగరంలోని పెద్ద స్టేడియానికి మార్చామని ఆరు వారాల ముందు ఈమెయిల్ పంపారు. ఎక్కువ మంది చూసే వీలు కల్పించడానికే అన్నారు. మాకు అక్కడ ప్రవేశం ఉచితం, బస్సుకు మాత్రం మనిషికి 15 పౌండ్లు. అభిమానులు మండిపడుతున్నారు. కొందరు కోర్టు నుంచి స్టే తెద్దామంటున్నారు. కొందరు యజమాని లోపాయికారీగా డబ్బు తీసుకున్నాడని వాట్సాప్ గ్రూపుల్లోనూ బయటా రాస్తున్నారు. మ్యాచ్ ఆపించవచ్చా? మా డబ్బు వస్తుందా? మాతో కలిసి చూడాలని మా తమ్ముడు డబ్లిన్ నుంచి విమానం టికెట్, మా ఊళ్లో హోటల్ గది తీసుకున్నాడు. ఆ నష్టం ఎవరిది? ఇంకొక్క మాట. ఆ రోజు మా అబ్బాయి పదో పుట్టినరోజు. ఆటగాళ్లతో కలిసి మైదానంలోకి నడిచే మాస్కట్ ప్యాకేజీని 150 పౌండ్లు పెట్టి కొన్నాం. దాన్ని మరో మ్యాచ్‌కు మారుస్తామంటున్నారు.

జవాబు: మ్యాచ్ ఆపించలేరు. ఈ ఒక్క విషయం ముందే తేల్చేస్తే మిగతావి స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

స్టే అనే మాట మనవాళ్ల నాలుక చివరనే ఉంటుంది. ఇంగ్లండ్ కోర్టు ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) ఇవ్వాలంటే ముందు ఒక ప్రశ్న వేస్తుంది: జరిగే నష్టం డబ్బుతో తీరేదేనా? టికెట్ డబ్బు తిరిగి ఇస్తే తీరే నష్టమని కోర్టు అనుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. ఒకవేళ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చినా, చివరికి మీరు ఓడితే క్లబ్బుకు వచ్చిన నష్టమంతా భరిస్తామని ముందే హామీ రాయించుకుంటుంది. వేల టికెట్లు అమ్ముడైన మ్యాచ్‌కు ఆ హామీ ఇవ్వగల అభిమాని ఎవరు? ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కూడా కాదు, మన చేతిలోనే పేలే అస్త్రం.

ఇక డబ్బు సంగతి. మీరు కొన్న సీజన్ టికెట్ షరతుల్లో ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది: తేదీ, సమయం, వేదిక మార్చే హక్కు క్లబ్బుకు ఉంది అని. క్లబ్బు వారు మీకు మొదట చూపించేది అదే. చాలామంది అది చదివి వెనక్కి తగ్గుతారు. తగ్గనవసరం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో వినియోగదారు హక్కుల చట్టం 2015 ప్రకారం అనుచితమైన షరతు వినియోగదారును కట్టిపడేయదు. అనుచితం కావచ్చని ఆ చట్టం రెండో షెడ్యూలు ఇచ్చిన జాబితాలో ఇలాంటిదే ఒకటి ఉంది: సరైన కారణం లేకుండా సేవ స్వభావాన్ని ఏకపక్షంగా మార్చుకునే వీలు వ్యాపారికి ఇచ్చే షరతు. అంటే మార్చే హక్కు ఉందా అన్నది సగం ప్రశ్నే. ఏ కారణంతో మార్చారన్నది మిగతా సగం.

కారణం ఎంత తేడా తెస్తుందో రగ్బీ చరిత్రే చెబుతుంది. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను భూకంపం కుదిపేసింది. 185 మంది చనిపోయారు, స్టేడియం పాడైపోయింది. ఆ ఊరి క్రుసేడర్స్ జట్టు ఆ సీజన్‌లో ఒక సొంత మ్యాచ్‌ను ఏకంగా లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఆడింది. అదే ఏడాది జరిగిన ప్రపంచకప్‌లో ఆ నగరానికి కేటాయించిన ఏడు మ్యాచ్‌లూ వేరే ఊళ్లకు వెళ్లాయి. 2020 అక్టోబరులో వేల్స్ జట్టు స్కాట్లాండ్‌తో మ్యాచ్‌ను కార్డిఫ్‌లో కాక లానెల్లీలో, అదీ ఖాళీ స్టేడియంలో ఆడింది. కోవిడ్ కోసం కార్డిఫ్ స్టేడియాన్ని ఆసుపత్రిగా మార్చడమే కారణం. ఇలాంటి చోట ఎందుకు మార్చారని ఎవరూ అడగరు.

మరో రకం ఉంది. 2016 మార్చిలో లండన్ ఐరిష్ జట్టు సారసెన్స్‌తో తన సొంత మ్యాచ్‌ను అమెరికాలోని న్యూజెర్సీలో ఆడింది. 2025 మే నెలలో బ్రిస్టల్ జట్టు బాత్‌తో సొంత మ్యాచ్‌ను వంతెన దాటించి కార్డిఫ్‌లో పెట్టింది. యాభై వేలకు పైగా జనం వచ్చారు. ఫ్రాన్స్‌లో తులోన్ జట్టు తన పెద్ద మ్యాచ్‌లు కొన్నింటిని మార్సెయ్‌లో ఆడటం చాలాకాలంగా ఉన్న అలవాటే. ఇవన్నీ వ్యాపార నిర్ణయాలు. అందులో తప్పేమీ లేదు. పెద్ద స్టేడియంలో పెద్ద పండుగ అని ఆనందించేవారూ ఉంటారు. అయితే ముందే చెప్పి టికెట్ అమ్మడం వేరు, అమ్మాక మార్చడం వేరు. సీజన్ మొదట్లోనే ఈ ఒక్కటి ఆ ఊళ్లో అని ప్రకటించి ఉంటే మీ వాదనకు పస ఉండదు. మీకు టికెట్ కొన్నాక, మ్యాచ్‌కు ఆరు వారాల ముందు మాత్రమే తెలిసింది కాబట్టి పస ఉంది.

క్లబ్బు లాయరు ఇంకో మాట అనవచ్చు: మ్యాచ్ జరుగుతోంది కదా, సీటు ఉచితం కదా, ఇక నష్టమేమిటి? ఈ వాదనకు నూట ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1902 జూన్‌లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం జరగాలి. ఊరేగింపు చూడటానికి హెన్రీ అనే ఆయన పాల్‌మాల్ వీధిలో క్రెల్ అనే ఆయన గదులను రెండు రోజులకు 75 పౌండ్లకు మాట్లాడుకున్నాడు. రాజుగారికి అపెండిక్స్ వచ్చి ఊరేగింపు వాయిదా పడింది. ఊరేగింపు లేని రోజున ఆ గదులు దేనికి, మిగిలిన 50 పౌండ్లు కట్టనక్కరలేదని 1903లో కోర్టు తేల్చింది. అదే ఏడాది, అదే పట్టాభిషేకం, మరో కేసు: నౌకాదళ ప్రదర్శన చూపించడానికి హటన్ అనే ఆయన పడవ అద్దెకు తీసుకున్నాడు. రాజు రాలేదు, కానీ యుద్ధనౌకలు అక్కడే ఉన్నాయి. చూడటానికి ఏదో ఉందిగా, అద్దె కట్టు అన్నారు. నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందాల గురించి చెప్పే మన దేశపు కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ చదివిన లా విద్యార్థులకు ఈ రెండు కేసులూ కంఠతా వస్తాయి. మీ మ్యాచ్ రెండో కేసుకు దగ్గరగా ఉందని క్లబ్బు అంటుంది. అందుకే ఒప్పందమే నిష్ఫలమైందన్న వాదన ఎత్తుకోకండి. అన్న మాట ప్రకారం సేవ అందలేదన్న వాదన పట్టుకోండి.

దానికి ఆధారం అదే 2015 చట్టం 50వ సెక్షన్. సేవ గురించి వ్యాపారి చెప్పినా, రాసినా, దాన్ని నమ్మి మీరు కొంటే అది ఒప్పందంలో భాగమవుతుంది. టికెట్ కొన్నప్పటి ప్రకటన, ఈమెయిల్, రెన్యువల్ ఉత్తరం వెతికి తీయండి. తొమ్మిది మ్యాచ్‌లూ ఫలానా మైదానంలో అని ఒక్క ముక్క ఉన్నా చాలు. మీ ఇన్‌బాక్స్‌లో ఆ ముక్క ఉంటుందనే నా నమ్మకం. సొంత మైదానం పేరు పెట్టకుండా సీజన్ టికెట్ అమ్మే క్లబ్బును నేను చూడలేదు.

ఎంత అడగాలి? ధర తగ్గింపు కింద తొమ్మిదో వంతు వేస్తే మీకు 40, అబ్బాయికి 8, మొత్తం 48 పౌండ్లు. కానీ తొమ్మిదీ సమానమైన మ్యాచ్‌లు కావు. పక్క ఊరితో మ్యాచ్‌కు విడి టికెట్ ధర మిగతా వాటి కంటే ఎక్కువ ఉంటే, ఆ నిష్పత్తిలో లెక్క కట్టి అడగండి. తగిన మొత్తం అనే చట్టం అంటుంది కానీ సమాన వాటా అనలేదు. డబ్బే కావాలంటే మాత్రం అక్కడికి వెళ్లకండి. వెళ్లి, మ్యాచ్ చూసి, టికెట్ గేటు దగ్గర స్కాన్ చేయించుకుని తరవాత డబ్బు అడిగితే బస్సు ఖర్చు పాటి పరిహారం వచ్చినా గొప్పే. అలాగే పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉందని గ్రూపులో ఎవరో అంటే నమ్మకండి. నిర్ణీత తేదీన జరిగే వినోద కార్యక్రమాల టికెట్లకు ఆ హక్కు వర్తించదు.

తమ్ముడి ఖర్చు గురించి చెప్పాలంటే, ఆశ పెట్టుకోవద్దు. ఒప్పందం చేసుకునేటప్పుడు ఇరుపక్షాలూ ఊహించగల నష్టానికే పరిహారమని 1854 నాటి హ్యాడ్లీ కేసు నుంచీ సూత్రం. డబ్లిన్ నుంచి మీ తమ్ముడు వస్తాడని క్లబ్బుకు తెలియదు, పైగా ఆయనకు క్లబ్బుతో ఒప్పందం ఉందో లేదో మీరు రాయలేదు. ఆయన విడిగా మ్యాచ్ టికెట్ కొని ఉంటే ఆ టికెట్ డబ్బు అడగవచ్చు. హోటల్ గది ఉచితంగా రద్దయ్యే రకమైతే ఇవాళే రద్దు చేయించండి. తగ్గించుకోగలిగిన నష్టాన్ని తగ్గించుకోకపోతే కోర్టు జాలిపడదు.

గ్రూపులో రాతల గురించి గట్టిగా హెచ్చరించాలి. యజమాని లోపాయికారీగా డబ్బు తీసుకున్నాడు అన్నది ఆరోపణ. రుజువు చేయాల్సింది రాసినవారే. ఇది అభిమానుల కంటే రాబడికి విలువ ఇచ్చిన నిర్ణయం అన్నది అభిప్రాయం. క్లబ్బు ఈమెయిల్‌లో ఉన్న విషయాల ఆధారంగా నిజాయితీగా చెప్పిన అభిప్రాయానికి 2013 పరువునష్టం చట్టం రక్షణ ఇస్తుంది. బ్యానరు కట్టండి, ఉత్తరం మీద వెయ్యి సంతకాలు పెట్టించండి, ఆ రోజు మీ ఊరి మైదానం గేటు ముందు శాంతంగా నిలబడండి. నా అనుభవంలో వెయ్యి సంతకాలకు వచ్చే జవాబు, ఒక్క లాయరు నోటీసుకు వచ్చే జవాబు కంటే త్వరగా వస్తుంది. లాయరుగా ఇది చెప్పడం నాకు నష్టమే, అయినా నిజం.

ఇదే మన దగ్గరైతే అని అడిగే పాఠకులు ఉంటారు కాబట్టి రెండు మాటలు. 2016లో మహారాష్ట్ర కరవు వల్ల ఏప్రిల్ 30 తరవాతి ఐపీఎల్ మ్యాచ్‌లను రాష్ట్రం దాటించాలని బాంబే హైకోర్టు ఆదేశించింది. ముంబై, పుణె జట్లు తమ సొంత మ్యాచ్‌లకు విశాఖపట్నం వచ్చాయి. వారి నష్టం మనవారికి పండుగైంది. 2018లో కావేరీ ఆందోళనల వల్ల చెన్నై మ్యాచ్‌లు పుణె చేరాయి. అలాంటి సందర్భంలో టికెట్ డబ్బు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ల గడువు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రగ్బీకి మాత్రం 2025 వరకు మనకు ఆ బాధ రాలేదు. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉంది గానీ, ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ ముంబైలోనే జరిగాయి. సొంత మైదానమే లేనప్పుడు తరలించేదేముంది?

ఇక మీరు చివర్లో, ఇంకొక్క మాట అంటూ రాసిన సంగతికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో అసలైన కేసు అదే.

మాస్కట్ ప్యాకేజీ ఒక ఆట టికెట్ కాదు. ఫలానా రోజున, ఫలానా పిల్లవాడికి ఒక ఆనందం కలిగిస్తామని ఇచ్చిన మాట. ఆనందమే ప్రధాన ఉద్దేశమైన ఒప్పందం తప్పితే నిరాశకు కూడా పరిహారం ఉంటుందని 1972లో జార్విస్ కేసులో తేలింది. జార్విస్ స్వయంగా సొలిసిటరు, అంటే లాయరే. స్విట్జర్లాండ్‌లో సెలవులకు 63 పౌండ్ల 45 పెన్నీలు కట్టాడు. అక్కడి జానపద పాటల సాయంత్రం అని టూర్ సంస్థ రాస్తే, ఎవరో పనిబట్టల్లో వచ్చి నాలుగైదు పాటలు గబగబా పాడి వెళ్లిపోయాడు. కింది కోర్టు సగం డబ్బు ఇప్పించింది. అప్పీలులో లార్డ్ డెన్నింగ్ ధర్మాసనం 125 పౌండ్లు ఇప్పించింది, కట్టిన దానికి దాదాపు రెట్టింపు. పుట్టినరోజు తేదీ మీరు బుకింగ్ ఫారంలో రాసి ఉంటే మీ బలం ఇంకా పెరుగుతుంది.

150 పౌండ్లు క్రెడిట్ కార్డుతో కట్టారా? 1974 వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం ధర 100 పౌండ్లు దాటిన వస్తువుకు, సేవకు కార్డు సంస్థ కూడా క్లబ్బుతో సమానంగా బాధ్యత వహిస్తుంది. మీ 360 పౌండ్ల టికెట్‌కూ ఇది వర్తిస్తుంది. అబ్బాయి 72 పౌండ్ల టికెట్‌ను విడిగా కొని ఉంటే వర్తించదు. దానికి బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకే వెనక్కి రప్పించే పద్ధతి) అడగండి, ఆలస్యం చేయకండి. ఏదీ ఫలించకపోతే స్మాల్ క్లెయిమ్స్ అనే చిన్న దావాల కోర్టు పద్ధతి ఉంది. పదివేల పౌండ్ల లోపు దావాకు లాయరు అక్కరలేదు. ఓడినా అవతలి లాయరు ఖర్చులు మామూలుగా మీ మీద పడవు. 2024 మే నుంచి అలాంటి దావాల్లో విచారణకు ముందు ఫోనులో ఒక గంట ఉచిత మధ్యవర్తిత్వం తప్పనిసరి. చాలావరకు అక్కడే తెమిలిపోవచ్చు. ఆరేళ్ల గడువుంది కాబట్టి తొందరపడి దావా వేయనక్కరలేదు.

ముందు క్లబ్బుకు ఒక పేజీ ఉత్తరం రాయండి. టికెట్లకు ఎంత, ప్యాకేజీకి ఎంత అని విడివిడిగా అడగండి, జవాబుకు పద్నాలుగు రోజులు ఇవ్వండి. అది రాసే ముందు మీ అబ్బాయినే ఒక మాట అడగండి: డబ్బు వెనక్కి తీసుకోవాలా, వచ్చే సీజన్‌లో అదే పక్క ఊరి జట్టుతో, మన మైదానంలో జరిగే మ్యాచ్‌కు నడవాలా? రెండోదే కావాలంటే మ్యాచ్ పేరు, మైదానం పేరు, ఈసారి కూడా మారిస్తే 150 పౌండ్లు పూర్తిగా తిరిగి ఇస్తామన్న మాట, ఈ మూడూ క్లబ్బు చేత రాతపూర్వకంగా తీసుకున్నాకే సరే అనండి.