టీకా ల్యాబ్‌లో మొదటి వారాలు

చెల్లెమ్మా, ఎమ్మెస్సీలో భాగంగా న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియాకు టీకా మీద పనిచేసే ల్యాబ్‌లో ప్లేస్‌మెంట్ వచ్చిందని రాశావు. చాలా సంతోషం. బతికున్న బ్యాక్టీరియాతో ఎప్పుడూ పనిచేయలేదని టెన్షన్ పడుతున్నావు. ఇంగ్లండ్‌లో నేనూ ఆ సూక్ష్మజీవితోనే మొదలుపెట్టాను.

ఇక్కడి లెక్కలో అది ప్రమాదపు వర్గాల్లో కింది నుంచి రెండోది. మొదటిరోజే చేతికివ్వరు. ముందు సేఫ్టీ శిక్షణ ఉంటుంది, తర్వాత రిస్క్ అసెస్‌మెంట్ చదివి సంతకం పెట్టాలి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేవైనా వాడుతుంటే ఆ దశలోనే చెప్పెయ్యి, దాచొద్దు.

ఇక అసలు పని. రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో ఎలైజా అనే పరీక్ష చెబుతుంది. అవి పనిచేస్తున్నాయా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), బ్యాక్టీరియా, తెల్లకణాలు, కుందేలు పిల్లల నుంచి తీసిన కాంప్లిమెంట్ (యాంటీబాడీలకు సాయపడే రక్త ప్రొటీన్లు) కలిపి, ఎన్ని బ్యాక్టీరియా చచ్చాయో చూస్తారు. మర్నాడు బ్లడ్ అగర్ (రక్తం కలిపిన జెల్లీ) ప్లేటు తీస్తే, బతికిపోయిన బ్యాక్టీరియా పెరిగి చుక్కల్లా కనిపించే ఒక్కో కాలనీ చుట్టూ పచ్చటి వలయం, ముదిరితే నడుమ చిన్న గుంట. అవే లెక్కపెట్టాలి. పైపొరను బట్టి ఈ బ్యాక్టీరియాలో వందకు పైగా రకాలున్నాయి, ఒక్కో రకానికీ ఈ లెక్క విడిగా కావాలి. మన హైదరాబాద్ బయోలాజికల్ ఇ కంపెనీ 14 రకాలకు చేసిన టీకాకు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది. అలాంటి టీకాల వెనక ఈ లెక్కింపే ఉంటుంది, అందుకే విసుగనిపించినా శ్రద్ధగా చెయ్యి.

నేను చేసిన తప్పు చెప్తాను. కరిగించిన కాంప్లిమెంట్‌ను ఐస్‌లో పెట్టకుండా బల్లమీదే వదిలి భోజనానికి వెళ్లాను. మర్నాడు ప్లేట్లన్నీ కాలనీలతో నిండిపోయాయి. సార్ ఏమంటారోనని మూడు రోజులు నోరు విప్పలేదు, సీరంలోనే బలం లేదని నాకు నేను చెప్పుకున్నాను. చివరికి ఆయన కంట్రోల్ ప్లేటు చూశారు. బాగా చంపుతుందని తెలిసిన సీరం కూడా ఏమీ చంపలేదు. అంటే చెడింది కాంప్లిమెంటే. వెచ్చదనానికి అది తట్టుకోదు. కావాలని పనికిరాకుండా చేయాలంటే 56 డిగ్రీల్లో అరగంట ఉంచుతారు, అంతే. ఆయన కోప్పడలేదు. మూడు రోజుల సీరం మాత్రం వృథా అయింది. అది ఎవరో టీకా వేయించుకుని మనకోసం ఇచ్చిన రక్తం. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే పొరపాటు జరిగితే టైంతో సహా నోట్‌బుక్‌లో రాసి, ఆ సాయంత్రమే చెప్పు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకు ఇది కష్టమే. ఇక్కడ గైడ్‌ను పేరు పెట్టి పిలుస్తారు, మొదట్లో నోరు రాదు. అయినా అడుగు.

వీసా సంగతి ఒక్కమాట. ప్లేస్‌మెంట్ కోర్సులో భాగమేనని యూనివర్సిటీ నుంచి కాగితం తీసుకో. కాకపోతే అది మామూలు ఉద్యోగం కిందికి వస్తుంది, టర్మ్‌లో వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది.

చిన్నప్పటి టీకాల కార్డు అమ్మ బీరువాలో ఉంటే ఫోటో తీసి పంపమను. ల్యాబ్ సిబ్బంది ఆరోగ్యం చూసే విభాగం వాళ్లు అడగవచ్చు.