గోల్డెన్ గేట్ మీద నడవండి, దూరం నుంచి చూసి వచ్చేయకండి

"శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ బ్రిడ్జి నిజంగా అంత బాగుంటుందా, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా" అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. కానీ కారు పక్కన ఆపి నాలుగు ఫొటోలు తీసుకుని మాల్‌కి పోయే పనైతే మాత్రం వద్దు. ఆర్నెల్లకని పెద్దవాళ్లని పిలిపించుకుని, పిల్లల్ని చూసుకోమని ఇంట్లో కూర్చోబెట్టి, చివరి వారంలో హడావిడిగా అన్నీ తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా నాన్న రైల్వేలో కీమన్, అంటే పట్టాల బిగింపులు సరిగ్గా ఉన్నాయో లేదో రోజూ చూసే మనిషి. కొవ్వూరు దగ్గర రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద సుత్తి, స్పానర్ పట్టుకుని ఏళ్ల తరబడి రోజూ నడిచిన మనిషి. అమ్మానాన్నల్ని నేను గోల్డెన్ గేట్‌కి తీసుకెళ్లింది జులైలో, అయినా చలి, పొగమంచులో టవర్ సగం పైన కనబడనే లేదు. అమ్మ శాలువా తల మీదుగా కప్పుకుంది. నాన్న మాత్రం స్తంభానికి వరసగా ఉన్న రివిట్ల మీద అరచెయ్యి పెట్టి, తుప్పు ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతూ నడిచారు. బస్సు పోయినప్పుడు కాళ్ల కింద అదిరితే నేను రెయిలింగ్ పట్టుకున్నాను. "అదరాల్రా, అదరకపోతేనే భయపడాలి" అన్నారు. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది కాబట్టి ఏడాది పొడుగునా పెయింటర్లు పని చేస్తూనే ఉంటారని చెబితే, ఆ మాట ఆయనకి బాగా నచ్చింది.

దక్షిణం వైపు ప్లాజాలో బ్రిడ్జిని మోసే మెయిన్ కేబుల్‌ని అడ్డంగా కోసిన ముక్క పెట్టారు. మూడడుగుల పైనే లావు, లోపల 27,572 తీగలు. నాన్న దాని ముందు పావుగంట నిలబడ్డారు. దగ్గర్లోనే చీఫ్ ఇంజినీర్ స్ట్రాస్ విగ్రహం. "లెక్కలన్నీ ఈయనేనా కట్టింది?" అని అడిగారు. కాదు, చాలావరకు చార్లెస్ ఎల్లిస్ అనే ఇంజినీర్ కట్టాడు, ఆయన్ని స్ట్రాస్ మధ్యలోనే పంపించేశాడు, 1937లో బ్రిడ్జి తెరిచినప్పుడు ఎల్లిస్ పేరే లేదు, ఆయన పేరుతో ఫలకం పెట్టింది 2012లో అని చెప్పాను. బ్రిడ్జి కడుతున్నప్పుడు స్ట్రాస్ పట్టుబట్టి పనివాళ్ల కింద వల కట్టించడం వల్ల 19 మంది బతికారు, అది కూడా చెప్పాను. కానీ 1937 ఫిబ్రవరి 17న పనివాళ్లు నిలబడ్డ పరంజా ఊడి పడినప్పుడు వల కూడా తెగి 10 మంది పోయారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తమ గ్యాంగులో ట్రాక్ మీద పోయిన ఇద్దరి పేర్లు చెప్పారు. ఆ పేర్లు ఇంట్లో ఎప్పుడూ వినలేదు నేను. ఇక్కడికి వచ్చిన ఎనిమిదేళ్లలో ఈ బ్రిడ్జి మీంచి ఎన్నిసార్లు కారులో పోయానో, ఇవేవీ నాకు పట్టలేదు.

మీరు అడిగినదానికి వస్తే, తూర్పు వైపు కాలిబాట మీద నడవడానికి డబ్బులు కట్టక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి, పెద్దవాళ్లకి స్వెట్టర్, చెవులకి మఫ్లర్ మర్చిపోకండి. మధ్యదాకా నడిపించండి. ఫొటోలు వెనక్కి వచ్చేటప్పుడు తీసుకోవచ్చు.