కలలాంటి కథలో నిద్ర లేవడం ఎందుకు?

ప్రశ్న: సార్, విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం మీద కథ రాసాను, అదే, పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు కదా. మాను మీద పూజారి బదులు చనిపోయిన తాతయ్య కనిపిస్తాడు ఒక కుర్రాడికి. మంచు, పొగ, నీలం వెలుతురు అన్నీ పెట్టాను, 'అది వాడి భ్రమ' అని కూడా రాసాను, చివర్లో నిద్ర లేస్తాడు. అయినా కలలా లేదంటున్నారు ఫ్రెండ్స్. తేడా ఎక్కడ?
- ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు ఆ నిద్ర లేవడం కొట్టేయండి బాబూ, అంతవరకు నమ్మి చదివినోడికి ఒళ్ళు మండుద్ది. మంచు, పొగ కూడా వద్దు. సంబరం జరిగేది దసరా వెళ్ళిన మంగళవారం, పట్టపగలు, జనం కిక్కిరిసి ఉంటారు, తాతయ్య ఆ ఎండలోనే కనిపించాలి.

కలలో మనం ఏ వింతకీ ఆశ్చర్యపోం కదా, కిటుకంతా అక్కడే ఉంది. కాఫ్కా అనే రచయిత కథ 'మెటమార్ఫసిస్' (1915) చూడండి, పురుగైపోయి లేచినోడికి ఐదింటి రైలు తప్పిపోయిందే, ఆఫీసులో ఏమంటారో అని బెంగ, పైగా ఇది కల కాదని రచయిత మొదట్లోనే చెప్పేస్తాడు. వాడు చచ్చిపోయేదాకా కథ దాదాపు వాడి చూపు వదలదు, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళతో బయటికెళ్తుంది. మీరేటి చేసారంటే 'భ్రమ' అని ఒక్క మాటతో బయటినుంచి తెలివైనోడిని ఒకణ్ణి తెచ్చి నిలబెట్టేసారు, ఇంక కల ఎక్కడ నిలుస్తాది? మీ కుర్రాడు తాతయ్య అన్నం తిన్నాడా, అంత ఎత్తులో పంచె జారిపోద్దేమో అని కంగారు పడాలి గానీ 'అయ్యో చనిపోయాడు కదా' అనకూడదు.

ప్రతీక కోసం వెతుక్కోనక్కర్లేదు. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకొచ్చి చింతమాను ఎక్కడుందో చెప్తుందని మనవాళ్ళ నమ్మకం, అంటే కల ముందే ఊళ్ళో ఉంది! ఆ మాట కుర్రాడి వాళ్ళమ్మ చేత పనిలో పనిగా అనిపించండి చాలు, 'మాను అంటే వంశం' లాంటి వివరణ వద్దే వద్దు. గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది కదా, అది వాడుకోండి. మొదటిసారి పూజారే, రెండోసారి పంచె అంచు తాతయ్యది, మూడోసారి ఆయనే వీడిని చూసి ఏదో అంటాడు, డప్పుల్లో వినపడదు. వస్తువు అదే, వచ్చిన ప్రతిసారీ కొంచెం మారుతుంది, బరువు దానంతటదే వస్తాది.

'నేను' అని రాసినా 'వాడు' అని రాసినా పర్లేదు. కానీ పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నట్టు రాస్తే మాత్రం ఆ పెద్దోడు మధ్యలో దూరి అన్నిటికీ కారణం చెప్పేస్తాడు, అందుకని కుర్రాడికి తెలియని ముక్క ఒక్కటి కూడా రానివ్వకండి.