అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర ఎందుకు లభించింది?

1965 భారత్–పాకిస్తాన్ యుద్ధంలో, పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో శత్రు ట్యాంకులను నిలువరిస్తూ ప్రాణాలర్పించినందుకు కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీర చక్ర లభించింది. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధామూపూర్‌లో 1933లో దర్జీ కుటుంబంలో పుట్టిన ఆయన 4వ గ్రెనేడియర్స్ బెటాలియన్‌లో పనిచేశారు.

ఆయన ఆయుధం జీపుపై అమర్చిన 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని, ట్యాంకులను ఛేదించే ఫిరంగి). అది పేలిన ప్రతిసారీ వెనుకనుంచి ఎగసే మంట, ధూళి దాని చోటును శత్రువుకు పట్టిచ్చేస్తాయి కనుక, వెంటనే జీపును మరోచోటికి తరలించక తప్పదు. కవచమైనా లేని ఆ వాహనంతోనే ఆయన చీమా గ్రామ సమీపంలో పంటచేల మాటున పొంచి, పాకిస్తాన్ వాడిన అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకులను ఒక్కొక్కటిగా ధ్వంసం చేశారు (వాటి సంఖ్యపై లెక్కలు వేర్వేరుగా ఉన్నాయి). సెప్టెంబర్ 10న మరో ట్యాంకుతో తలపడుతుండగానే ఫిరంగి గుండు తగిలి నేలకొరిగారు.