స్టేషన్‌కి నాలుగు మెట్లున్నాయి మేడమ్, కంప్లైంట్ ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 33 ఏళ్ళు, మాది ఖమ్మం జిల్లా. చిన్నప్పుడే పోలియో వచ్చింది, మూడు చక్రాల బండి మీదే తిరుగుతా, ఇంట్లో మగ్గం వర్క్ చేస్తా. డేటింగ్ యాప్‌లో ఒకతను పరిచయమయ్యాడు, తనకీ ఒక కాలు పోలియో అని ఫోటో పెట్టాడు, అందుకే నమ్మా. వీడియో కాల్‌లో తన కెమెరా మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు, నెట్ స్లో అనేవాడు. అవసరమంటే మూడుసార్లు కలిపి 65 వేలు పంపించా. తిరిగివ్వమంటే మన ప్రైవేట్ వీడియో కాల్ రికార్డ్ చేశా, మీ అన్నయ్యకి పంపిస్తా అని బెదిరించి ఇంకో 20 వేలు లాగాడు. వద్దన్నా కొత్త కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు. కుంటిదానివి, నీకు నేను దొరకడమే ఎక్కువ అని తిట్టాడు. స్టేషన్‌కి వెళ్ళాలంటే ఎవరో ఒకరు ఎత్తుకెళ్ళాలి, అంటే ఇంట్లో చెప్పాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ మెట్ల సంగతి తేల్చేద్దాం అమ్మా. మీరు మెట్లెక్కక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టంలో, 173 సెక్షన్ ఉంది, దాని ప్రకారం వికలాంగుల మీద కొన్ని నేరాలు జరిగితే పోలీసులే వాళ్ళ ఇంటికో, వాళ్ళకి వీలైన చోటికో వచ్చి కంప్లైంట్ రాసుకోవాలి, ఆడవాళ్ళ విషయమైతే లేడీ ఆఫీసరే రాసుకోవాలి, అదంతా వీడియో తియ్యాలి. ఇంటికే రావాలని లేదు చూడండి, మీకు వీలైన చోటు అని ఉంది, కాబట్టి మీకు వర్క్ ఇచ్చే ఆవిడ ఇల్లయినా, ఫ్రెండ్ ఇల్లయినా చెప్పొచ్చు, అన్నయ్య ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన పన్లేదు.

అయితే ఒక మెలిక ఉంది. ఈ సౌకర్యం అన్ని కేసులకీ లేదు, ఏ నేరానికి ఏ శిక్షో చెప్పే బీఎన్‌ఎస్ చట్టంలో 64 నుంచి 71, 74 నుంచి 79, తర్వాత 124, అంటే లైంగిక నేరాలు, వెంటపడటం, యాసిడ్ దాడి లాంటివి, వీటికే. మీరు డబ్బులు మోసం అని ఒక్క ముక్క రాసిచ్చారనుకోండి, అది చీటింగ్ కేసు, కంప్లైంట్ ఇవ్వడానికి స్టేషన్‌కే రమ్మనొచ్చు. అందుకని వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెడుతున్నాడని, మీకు తెలీకుండా మీ ప్రైవేట్ వీడియో తీశాడని స్పష్టంగా రాయండి. మొదటిది 78, స్టాకింగ్, రెండోది 77. ఇది కల్పించి రాయడం కాదు, జరిగిందే, కాకపోతే మనవాళ్ళు సిగ్గుపడి అదే వదిలేసి డబ్బుల గురించి రెండు పేజీలు రాస్తారు, నా దగ్గరికొచ్చే కాగితాల్లో సగం ఇలాగే ఉంటాయి.

డబ్బుల్లో కూడా రెండు రకాలున్నాయి, కలిపి 85 వేలు అని రాయకండి. మాయమాటలకి పంపిన 65 వేలు చీటింగ్, 318(4). బెదిరించాక పంపిన 20 వేలు ఎక్స్‌టార్షన్, 308. రెండింటికీ ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. వేరేవాళ్ళ ఫోటోతో ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, వీడియో విషయానికి 66ఇ. ఆ ఫోటోలో ఉన్న మనిషెవరో, తన కాలు చూపించి ఎవడో డబ్బులు వసూలు చేస్తున్నాడని అతనికి తెలీదేమో కూడా పాపం.

తిట్టినదానికి కేసు అంటారా, ఇక్కడ మీకు నిరాశే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92 సెక్షన్‌లో అవమానిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా జైలు ఉంది గానీ, అది పదిమందికి కనపడే చోట జరగాలి. మీ ఇద్దరి చాట్‌లో అన్నాడు కాబట్టి ఆ సెక్షన్ నిలబడటం కష్టం. అదే మాట మీ పోస్టు కింద అందరూ చూసేలా కామెంట్ పెట్టుంటే మీ వాదనకి బలం ఉండేది. అయినా ఆ మెసేజ్ దాచండి, వాడి ఉద్దేశం ఏంటో జడ్జిగారికి అర్థమవుతుంది.

చాట్ డిలీట్ చెయ్యకండి, యాప్‌లో అన్‌మ్యాచ్, అంటే వాడితో పరిచయం తెంచేసే బటన్, కూడా అప్పుడే కొట్టకండి, కొన్నిట్లో మొత్తం చాట్ మాయమైపోతుంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు మీరు సేవ్ చేసుకున్న పేరు కాదు, నంబర్ కనపడాలి. యూపీఐలో ఒక్కో పేమెంట్ తెరిస్తే కింద 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, నాలుగు పేమెంట్లవీ కాగితం మీద రాసి పక్కన పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి, వాళ్ళు ముందు అడిగే వాటిలో అదొకటి. ఆలస్యమైందని మానేయకండి, వాడి అకౌంట్లో మిగిలింది ఏమైనా ఉంటే ఆపుతారు.

వీడియో బయటికి వస్తుందనే భయానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, మీ దగ్గరున్న ఫోటో గానీ వీడియో గానీ మీ ఫోన్ దాటకుండానే దానికొక కోడ్ తయారుచేసి, అందులో చేరిన కంపెనీలకి ఇస్తుంది, ఎవరైనా అప్‌లోడ్ చేస్తే పట్టుకోవడానికి. వీడియో వాడి దగ్గరే ఉంది, మీ దగ్గర లేదు అంటే మాత్రం అది పనిచెయ్యదు, వాడు బెదిరిస్తూ పంపిన స్క్రీన్‌షాట్ ఉంటే దాన్ని పెట్టండి. ఇంకో రూపాయి మాత్రం పంపకండి, 20 ఇస్తే 40 అడుగుతాడు.

ఇక అన్నయ్య. మీకు 33, కాళ్ళు పనిచెయ్యనంత మాత్రాన అన్నయ్య మీకు గార్డియన్ అయిపోడు, కేసు పెట్టడానికి ఆయన సంతకం అక్కర్లేదు. కేసు కట్టాక సాక్ష్యం చెప్పాలన్నా బీఎన్‌ఎస్‌ఎస్ 179 సెక్షన్ ప్రకారం మిమ్మల్ని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఆడవాళ్ళకీ వికలాంగులకీ అది హక్కు. ఎఫ్‌ఐఆర్ కట్టమంటే మొహం చాటేస్తే పోస్టులో ఎస్పీకో కమిషనర్‌కో పంపండి. లాయర్ ఫీజు ఎక్కడ తెచ్చేది అనుకుంటున్నారేమో, ఆడవాళ్ళకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ వాళ్ళు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చెయ్యండి, మీరైతే రెండు రకాలుగా అర్హులు.

యాప్ మానేయాలా అని మీరు అడగలేదు, నేనూ చెప్పను. తోడు కోరుకోవడం తప్పెలా అవుతుంది. కాకపోతే ఈసారి కెమెరా ఆన్ చెయ్యనివాడికి మీ సదరం సర్టిఫికెట్ ఫోటో, పింఛను పడే అకౌంట్ నంబర్ ఇవ్వకండి, కలవాల్సి వస్తే మీ బండి లోపలిదాకా వెళ్ళే చోటు మీరే ఎంచుకోండి, తిరిగొచ్చే ఆటో కూడా మీరే మాట్లాడుకోండి, దింపుతాలే అంటే వద్దనండి.

ఈరోజు మాత్రం ముందు ఆ నాలుగు రిఫరెన్స్ నంబర్లు కాగితం మీద రాయండి.