రసమట్టం సరిగ్గానే ఉంది, గాడి ఎందుకు తేడా వస్తోంది?

ప్రశ్న: 18 మి.మీ. ప్లైవుడ్‌తో రౌటర్ టేబుల్ (గాడి తీసే రౌటర్ మిషన్‌ని కింద తలకిందులుగా బిగించే బల్ల) చేసుకున్నాను. రసమట్టం పెడితే బుడగ నడిమికే ఉంటోంది. అయినా గాడి తీస్తే చెక్క రెండు చివర్లా లోతెక్కువ, మధ్యలో తక్కువ వస్తోంది. చెక్క, రౌటర్‌ని మోసే ప్లేటు కంత ఎడమ అంచుకి తగులుకుంటోంది కూడా. లోపం ఎక్కడండీ?
— ఒక వడ్రంగి, బొబ్బిలి

జవాబు: రసమట్టం పక్కన పెట్టండి. టేబుల్ కాస్త వాలుగా ఉన్నా గాడికి నష్టం లేదు. పైపలకలో వంపు ఉండకూడదు, ప్లేటు దానితో సమంగా కలవాలి, అంతే. మీ టేబుల్ రౌటర్ బరువుకి నడిమిన కుంగింది. పొడవు చెక్క ఆ గుంట మీదుగా వంతెనలా నిలుస్తుంది, గాడి కోసే బిట్ తక్కువ అందుతుంది. చివర్లు మాత్రం గుంటలోకి దిగి లోతుగా తెగుతాయి. చెక్కని కుడి నుంచి ఎడమకి తోస్తాం కదా, ప్లేటు పల్లంగా ఉంటే ఎడమ అంచుకి తగులుతుంది. కుడి అంచుకి తగిలితే ప్లేటు ఎత్తుగా ఉన్నట్టు.

ప్లగ్ పీకేసి, మూడడుగుల తిన్నని అల్యూమినియం సెక్షన్‌ని టేబుల్ మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకీ పెట్టి కింద కాగితం దూర్చండి. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. రెండు మూడు కాగితాలు దూరితే ముందు పైపలకనే సరిచెయ్యాలి. 75 మి.మీ. వెడల్పున్న రెండు బద్దల అంచులు చిత్రిక పట్టి, ప్లేటు కంతకి చెరో పక్కన కింద నిలువుగా బిగించండి. సన్‌మైకా ఒక పక్కే అతికించి ఉంటే రెండో పక్కా వెయ్యండి. మన వైపు వానల్లో ఒక పక్కే చెమ్మ పీల్చుకున్న పలక వంగక మానదు.

తర్వాత ప్లేటు. రౌటర్ తగిలించాకే సరిచెయ్యండి, బరువుకి ప్లేటు కూడా వంగుతుంది. ప్లేటుని కింద నుంచి ఎత్తే నాలుగు మూలల స్క్రూల్లో ఎదురెదురు మూలలవి రెండూ ముందు, మూడోది తర్వాత. నాలుగోది ప్లేటుకి తగిలిందనగానే ఆపేయాలి. ఇంకా తిప్పితే ప్లేటు మెలి తిరుగుతుంది. ఎం6 (6 మి.మీ. లావు) స్క్రూ పావు చుట్టుకి 0.25 మి.మీ. కదులుతుంది, అందుకే కొద్దికొద్దిగా తిప్పండి. ఒక్కో మూలా వేలితో నొక్కి చూడండి, టక్కుమనకూడదు.

పనికిరాని రెండడుగుల ముక్క మీద 6 మి.మీ. గాడి తీసి మూడు చోట్ల వెర్నియర్‌తో కొలవండి. 0.2 మి.మీ. లోపు తేడా చెక్కపనికి ఫరవాలేదు. ముక్క ముక్కకీ లోతు తగ్గుతూ పోతే రౌటర్ ఎత్తుని పట్టి ఉంచే లాక్ జారుతోంది. పెరుగుతూ పోతే బిట్ తనని పట్టుకునే కాలెట్‌లోంచి పైకి వస్తోంది. అలాంటప్పుడు వెంటనే ఆపి, కాలెట్ శుభ్రం చేసి, బిట్‌ని అడుగుదాకా దించి 2-3 మి.మీ. పైకి లాగి బిగించండి.

ప్రశ్న: రౌటర్ టేబుల్ మీద చెక్కని ఆనించి తోసే ఫెన్స్, టేబుల్ అంచుకి సమాంతరంగానే ఉండాలా?
— ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: అక్కర్లేదు. బిట్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఫెన్స్ ఎటు తిరిగున్నా కోతలో తేడా రాదు. ఒక చివర బిగించి రెండోది జరుపుకోండి. బిట్ నడిమిన ఉంటే, ఆ చివర 1 మి.మీ. జరిపితే బిట్ దగ్గర 0.5 మి.మీ. మారుతుంది. ఫెన్స్ మాత్రం తిన్నగా ఉండాలి, టేబుల్‌కి మూలమట్టం కుదరాలి. ఫెన్స్‌కీ బిట్‌కీ మధ్య చెక్క ఎప్పుడూ దూర్చకండి, చేతిలోంచి లాక్కుని విసిరేస్తుంది.