గాలి ఎటుందో చూడకుండా నిప్పు పెడతారా?

అడిగిన ప్రశ్న ఇది: "రే ట్రేసింగ్ ఉన్న కొత్త గ్రాఫిక్స్ కార్డుకి అరవై వేలు పెడితే, ఫస్ట్ పర్సన్ షూటర్ గేముల్లో పరిసరాలు నిజంగా ఉన్నట్టే అనిపిస్తాయా?" (రే ట్రేసింగ్ అంటే వెలుగునీడలు నిజంగా ఎలా పడతాయో లెక్కగట్టి చూపించడం. ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే తుపాకీ పట్టుకున్నవాడి కళ్లతో చూస్తూ ఆడే ఆట.)

అనిపించవు. చూడ్డానికి బాగుంటాయి, నీళ్లలో నీడ కనిపిస్తుంది, మొదటి రెండ్రోజులు నలుగురిని పిలిచి చూపిస్తారు, మూడో రోజు నుంచి ఆ నీడని మీరే పట్టించుకోరు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఆటలు ఆడుతున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నా.

నేను మొదలుపెట్టింది ఒంగోల్లో, గంటకి ఇరవై రూపాయల నెట్ సెంటర్లో, శత్రువుల స్థావరాల్లోకి ఒంటరిగా దూరే ఐజీఐ అనే ఆటతో. మన వైపు ఆ వయసు వాళ్లు అది ఆడకుండా ఉండే అవకాశం తక్కువ. అందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు, చచ్చామంటే మొదటికే. మన టైము అయిపోతే నెట్ సెంటరాయన వచ్చి వెనక నిలబడేవాడు, అది ఇంకో టెన్షన్. గోడలు అట్టపెట్టెల్లా ఉండేవి, చెట్లు చూస్తే నవ్వొచ్చేది. అయినా కంప్యూటర్ దగ్గరికి పోయి సెక్యూరిటీ కెమెరాలు ఆపేస్తే అవి నిజంగానే ఆగేవి, సైరన్ మోగిందంటే మనుషులు బిలబిలమంటూ దిగేవాళ్లు. అంటే ఆ చోటుకి మనం వచ్చినట్టు తెలుసు. ఈ రోజుల్లో వంద జీబీలు డౌన్‌లోడ్ చేసుకున్న గేముల్లో చాలావాటికి మనం వచ్చిన సంగతే తెలియదు.

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. 2010 వేసవి. ఇంజనీరింగ్ మూడో ఏడాది సెలవులకి హాస్టల్ నుంచి సీపీయూని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని అద్దంకి దగ్గర మా ఊరికి తెచ్చాను. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొత్తుకునేది. అప్పుడు ఆడుతున్నది ఫార్ క్రై 2, వచ్చింది 2008 అక్టోబరులో. పేరు చెప్పని ఒక ఆఫ్రికా దేశంలో అంతర్యుద్ధం, రెండు వర్గాలకీ తుపాకులు అమ్మే జాకల్ అనేవాణ్ని పట్టుకుని మనం చంపాలి. మనకేమో మలేరియా. ఎక్కడికైనా వెళ్లాలంటే మ్యాపు చేతిలోకి తీసుకుని చూసుకోవాలి, అది చూస్తున్నంతసేపూ ఆట ఆగదు.

ఒక శిబిరం మీదికి పోవాలి. నాలుగైదు గుడిసెలు, ఒక రేకుల షెడ్డు, మధ్యలో గుళ్ల పెట్టెలు, చుట్టూ నడుములోతు ఎండుగడ్డి. ఎదురుపడి కాల్చుకోవడం ఎందుకు, తగలబెట్టేస్తే పోలా అని ఒక పెట్రోలు సీసా అంటించి విసిరాను. గడ్డి భగ్గున అంటుకుంది. ఆహా అనుకున్నాను. రెండు క్షణాలకి చూస్తే మంట శిబిరం వైపు పోవడం లేదు, నావైపు వస్తోంది. వెనక్కి పరిగెత్తా, వెనకా గడ్డే. ఒకడు కాలుస్తూ వస్తున్నాడు, వాణ్ని కాలుద్దామంటే అంతకు ముందు ఎవడి శవం దగ్గరో ఏరుకున్న తుప్పు తుపాకీ జామ్ అయింది (ఆ గేములో కొట్లో కొన్న తుపాకీ కొత్తది, పడి ఉన్నది తీసుకుంటే ఇదే గతి). కాలి చచ్చాను.

వెనక నుంచి మాట వినిపించింది. "ఒరేయ్, గాలి ఎటుందో చూడకుండా నిప్పు పెడతారా ఎవడన్నా?"

నాన్న. టీ గ్లాసు పట్టుకుని ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అంతకు ముందు నేను ఆడే ఆటల గురించి ఆయన అన్న మాటలు "కళ్లు పోతాయి", "కరెంటు బిల్లు నువ్వు కడతావా", ఈ రెండే.

ఆయనకి నిప్పు తెలుసు. ఏటా కోతలయ్యాక గట్ల మీద గడ్డి కాల్చేవాడు. ముందు చుట్టూ నాగలితో రెండు చాళ్లు దున్నించి, సాయంత్రం గాలి పడ్డాక, గాలికి ఎదురుగా మంట నెమ్మదిగా పోయేట్టు అంటించి, చేతిలో వేపమండ పట్టుకుని కాపలా కాసేవాడు. ఒకసారి మా మేనమామ ఇవేవీ చూసుకోకుండా అంటిస్తే పక్కనున్న గడ్డివాము పోయింది, ఆ గొడవ రెండేళ్లు నడిచింది. (పొలాలు కాల్చడం మంచిదని కాదు నేను చెప్పేది, దాని మీద ఇక్కడ చర్చ పెట్టకండి.)

"మళ్లీ పెట్టు" అన్నాడు. పెట్టాను. "ఆగు. గడ్డి ఎటు వంగుతుందో చూడు." చూశాను. నేను ఆ గేము నెల రోజులుగా ఆడుతున్నా, గడ్డి ఒక వైపుకి వంగుతుందని ఒక్కసారీ గమనించలేదు. "అటు వైపు నుంచి పోయి పెట్టు." చుట్టూ తిరిగి, గాలి నా వీపుకి తగిలే వైపు నిలబడి సీసా విసిరాను. మంట నేరుగా శిబిరంలోకి నడుచుకుంటూ పోయింది. పొదలు అంటుకున్నాయి, కాసేపటికి గుళ్ల పెట్టెలు దీపావళి సీమటపాకాయల్లా పేలడం మొదలైంది. వాళ్లు గుడిసెల్లోంచి ఒక్కొక్కడే బయటికి పరిగెత్తారు. నేను ఒక్క గుండు కాల్చలేదు. నాన్న టీ పూర్తి చేసి, "ఆ" అని వెళ్లిపోయాడు.

ఇదండీ నేను రియలిజం అనేది. ఆ గేము తయారు చేసినవాళ్లు మా పొలాలు చూడలేదు, మా నాన్న మౌస్ పట్టుకోలేదు. గాలికి, ఎండుగడ్డికి, నిప్పుకి మధ్య ఉండే సంబంధాన్ని వాళ్లు కంప్యూటర్‌కి చెప్పారు, అంతే. దాంతో యాభై ఏళ్లు పొలంలో నేర్చుకున్నది తెర మీద పనికొచ్చింది. బయట మనకి తెలిసిన విషయం లోపల పని చేస్తే అది నిజమైన చోటు. పని చేయకపోతే ఎన్ని లక్షల పాలిగాన్లు (తెర మీద బొమ్మని కట్టే చిన్న చిన్న ముక్కలు) పోసినా అది గోడకి అంటించిన క్యాలెండరు బొమ్మే.

హాఫ్ లైఫ్ 2 చూడండి, 2004 నవంబరులో వచ్చింది. అందులో ఒకచోట పలక ఎక్కి పైకి పోవాలి, ఎక్కితే అది కిందికి వాలిపోతుంది. పక్కన సిమెంటు ఇటుకలు పడి ఉంటాయి. అవి ఎత్తి అవతలి కొసన పెడితే పలక నిలబడుతుంది. బళ్లో ఉయ్యాలబల్ల ఊగిన ప్రతి పిల్లాడికీ ఇది తెలుసు, ఎవరూ ట్యుటోరియల్ ఇవ్వక్కర్లేదు. అదే గేము మొదట్లో స్టేషన్‌లో ఒక పోలీసు, కింద పడేసిన డబ్బా తీసి చెత్తబుట్టలో వేయమంటాడు. వేయొచ్చు. లేదా వాడి మొహాన విసరొచ్చు, అప్పుడు లాఠీ పట్టుకుని వెంటపడతాడు. ఆ ఊళ్లో ఎలాంటి రాజ్యం నడుస్తోందో ఒక ఖాళీ డబ్బాతో అర్థమైపోతుంది.

క్రైసిస్ సంగతీ అంతే. 2007లో వచ్చిన ఆ గేము గురించి ఎవర్ని అడిగినా "ఈ కంప్యూటర్ క్రైసిస్‌ని లాగగలదా" అనే జోకే చెబుతారు, అంటే గ్రాఫిక్సే. నాకు గుర్తున్నది మాత్రం తుపాకీతో చెట్లు కూల్చడం, రేకుల గుడిసెలు కుప్పకూలడం.

ఇప్పుడు నా అసలు బాధ. భుజాన రాకెట్ లాంచరు ఉంటుంది, ఎదురుగా చెక్క తలుపు ఉంటుంది, "తాళం చెవి వెతకండి" అంటుంది గేము. రాకెట్ పేలిస్తే తలుపు మీద నల్ల మచ్చ, అదీ పది సెకన్లలో మాయం. 2001లోనే రెడ్ ఫ్యాక్షన్‌లో రాకెట్లతో గోడ తవ్వి పక్క నుంచి పోయాం కదా, మరి ఇప్పుడేం రోగం? కారణాలున్నాయి, ఒప్పుకుంటా. చాలా గేముల్లో వెలుతురంతా ముందే లెక్కగట్టి గోడల మీద పూసేస్తారు, గోడ పడిపోతే ఆ లెక్క తప్పుతుంది. శత్రువులు నడిచే దారులూ ముందే గీసి ఉంటాయి. ఆన్‌లైన్ గేమైతే ఒకరి తెర మీద పడిన గోడ మిగతా అందరి తెరల మీదా అదే క్షణంలో పడాలి. ఆ లెక్కన రే ట్రేసింగ్‌కి ఒక ఉపయోగం ఉంది, వెలుతురుని అప్పటికప్పుడే లెక్కగడుతుంది కాబట్టి గోడ పగిలినా ఇబ్బంది ఉండదు. కానీ దాన్ని వాడేది దేనికి? బురదగుంటలో నియాన్ బోర్డు మెరవడానికి.

చేయాలనుకున్నవాళ్లు చేస్తున్నారు. రెయిన్‌బో సిక్స్ సీజ్, 2015 నుంచి నడుస్తోంది, అందులో అన్ని గోడలూ పగలవు, కానీ పగిలే గోడల చుట్టూనే ఆటంతా కట్టారు. 2023 డిసెంబరులో వచ్చిన ద ఫైనల్స్‌లో గోడలు, పైకప్పులు కూలిపోతాయి, ఆ లెక్కంతా సర్వర్ మీదే జరుగుతుంది. బ్యాటిల్‌ఫీల్డ్ 4లో షాంఘై టవర్ కూలడాన్ని మాత్రం నా ముందు పొగడకండి, ఎన్నిసార్లు కూల్చినా అది ఒకేలా పడుతుంది, అది సినిమా సెట్టు. ఇక ఫార్ క్రై 2 గొప్పదని చెప్పాను కదా అని మోసపోకండి, మనం అందర్నీ చంపి ఖాళీ చేసిన చెక్‌పోస్టు కాస్త దూరం పోయి వచ్చేసరికి మళ్లీ నిండిపోయి ఉంటుంది, అదొక దరిద్రం.

మొన్న సంక్రాంతికి మా అన్న కొడుకు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. వాడు ఫోన్లో బీజీఎంఐ (మన దేశపు పబ్జీ) ఆడేటప్పుడు తెలివైనవాడే, ఒక ఇంటి ముందు ఆగి "తలుపు తీసుంది బాబాయ్, లోపల ఎవరో ఉన్నారు" అంటాడు, అది చాలు నాకు. ఆ ల్యాప్‌టాప్‌లో ఏదో కొత్త షూటర్ పెట్టి నాకు చూపిస్తున్నాడు, నిజం చెప్పాలంటే నోరెళ్లబెట్టాను, గడ్డిపరకలు కూడా ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నాన్న ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటాడు. దగ్గరికొచ్చి కాసేపు చూశాడు.

"గడ్డి అంటుకుంటదా?" అని అడిగాడు.

"ఇందులో అలాంటివి ఉండవు తాతయ్యా."

ఆయన మంచం మీదికి వెళ్లి పడుకున్నాడు.